మా బాబాయి పేరు మసక కాదు

ఆ సినిమాలో నీకు బాగా నచ్చిందేంటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ వేసవంతా నా చెవిన పడిన ప్రశ్న అదొక్కటే. నేను పనిచేసే థియేటర్లో టికెట్ కౌంటర్ కిటికీ ఒక చెయ్యి పట్టేంత ఉంటుంది. అందులోంచి చేతులూ వస్తాయి, మాటలూ వస్తాయి. చేతుల్ని ఆపొచ్చు. మాటల్ని ఏం చేస్తాం?

"నాకైతే వాడు మేడ మీంచి దూకుతుంటే చొక్కా బూరలా ఉబ్బుతుంది చూడు, అదిరా."

"ఎగరడం ఎవడైనా ఎగురుతాడు. మసకని చూడు. కళ్ళజోడు తీసి, హా అని ఊది, చొక్కా అంచుతో తుడుచుకుని, తల ఓ పక్కకి వంచి..."

మిగతాది వరసలో నిలబడ్డ వాళ్ళంతా కలిసి అనేవాళ్ళు. "కనపడుతోందా ఇప్పుడు?"

అని, పక్కవాడి కళ్ళ మీద చెయ్యి పెట్టి నవ్వేవాళ్ళు. రోజూ అదే మాట, అదే నవ్వు. చిల్లర ఇస్తూ ఇస్తూ ఒక్కోసారి ఆ చేతి మీద గిల్లాలనిపించేది.

ఆ సినిమా మా నాన్న బొమ్మల కథ. నేను పుట్టకముందు నుంచి ఒక వారపత్రికలో వారం వారం రెండు పేజీలు గీసేవాడు. హీరో పేరు ఈదురుగాలి. గాలిని పిడికిట్లో పట్టుకుని విసిరేస్తాడు. విలన్ పేరు మసక. నల్లకోటు వేసుకుంటాడు. ఎవరి మొహం మీద చెయ్యి విసిరితే వాళ్ళ చూపు పోతుంది. పత్రిక మూతపడ్డాక నాన్నని అందరూ మర్చిపోయారు. మేడ మీద కిటికీ పక్కన కూర్చుని, రోడ్డున పోయేవాళ్ళ నడకకి వంకలు పెడుతూ చాలాకాలం గడిపాడు. అలాంటి మనిషికి ఒకరోజు సినిమావాళ్ళు కారు పంపించారు. ఇక పట్టపగ్గాల్లేవు.

విడుదలైన కొత్తలో ఒక వీడియో ఛానల్ వాళ్ళు ఇంటికొచ్చారు. అమ్మ టీలు పెట్టింది. నేను లైటు స్టాండు పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాను.

"మసక లాంటి విలన్ మీకెలా తట్టాడు సార్?" అని అడిగాడు వచ్చిన కుర్రాడు.

నాన్న నవ్వి, కాలితో నేల మీద టకటకా కొట్టాడు. "తట్టడమేంటి, ఇదిగో కిందే ఉంటాడు. మా తమ్ముడు. కళ్ళద్దాల షాపు వాడిది. ఆ మొహం, ఆ మాట, అన్నీ వాడివే. నేను చేసిందల్లా వాడికో నల్లకోటు తొడగడం."

అందరూ పడీ పడీ నవ్వారు. అమ్మ టీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళాక బయటికొచ్చి, "ఆ ముక్క తీసేయమని ఫోన్ చెయ్యండి" అంది.

"ఏ ముక్క?"

"ఏ ముక్కో మీకు తెలుసు."

"నీకు జోకేదో, కోపమేదో తెలిసి చావదు" అన్నాడు నాన్న.

మాది తాతయ్య కట్టిన ఇల్లు. కింద రోడ్డు వైపు షాపు, దాని వెనక బాబాయి వాళ్ళు. పైన మేం. మెట్లు ఒక్కటే, నీళ్ళ మోటారు ఒక్కటే, డాబా మీద బట్టలారేసే తీగ ఒక్కటే. తాతయ్య పోయాక షాపు బాబాయి చూసుకున్నాడు. నాన్న ఆ తర్వాత ఎప్పుడూ అందులో అడుగు పెట్టలేదు. కళ్ళజోడు కావాల్సి వచ్చినప్పుడు కూడా బజారుకెళ్ళి ఎవరో పరాయివాడి దగ్గర చేయించుకున్నాడు. అన్నదమ్ములు పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుకోవడం కూడా పెద్దగా చూడలేదు.

బాబాయిది గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే తత్వం. షాపులో ఎత్తు కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, గోడ మీది అక్షరాలు చూపించి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ, "కనపడుతోందా ఇప్పుడు?" అని అడిగేవాడు. ఆ 'ఇప్పుడు' దగ్గర గొంతు కాస్త పైకి లేచేది, గిన్నె మీద మూత తీసి లోపలేముందో చూపిస్తున్నట్టు. కనపడలేదని చెప్పడానికి సిగ్గుపడే ముసలివాళ్ళు కూడా ఆ గొంతు విని, "లేదు నాయనా, ఇంకోటి వెయ్యి" అనేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం నా కళ్ళజోడు కాడ వదులైతే బిగించుకోవడానికి కిందికెళ్ళాను. కుర్చీలో ఒక కుర్రాడున్నాడు. టోపీ తిరగేసి పెట్టుకున్నాడు. అభిమాన సంఘం పెద్ద అని తర్వాత తెలిసింది. అందరూ టోపీ అనే పిలిచేవాళ్ళు. వాడి స్నేహితులిద్దరు అద్దాల బీరువా పక్కన ఫ్రేములు చూస్తున్నట్టు నటిస్తున్నారు.

బాబాయి అద్దం మార్చి, "కనపడుతోందా ఇప్పుడు?" అన్నాడు.

"వచ్చింది, వచ్చింది" అని బీరువా పక్కనుంచి ఒకడు గంతేశాడు. వాడి చేతిలో ఫోనుంది.

టోపీ ముక్కు మీద ఫ్రేముతోనే చేతులు జోడించాడు. "సార్, ఇంకోసారి. తల కొంచెం పక్కకి వంచి."

బాబాయికి అర్థం కాలేదు. "చూపులో తేడా ఏమైనా ఉందా బాబూ?"

"చూపు బ్రహ్మాండంగా ఉంది సార్. మాకు సినిమా మొత్తంలో నచ్చింది మీరే."

"నేనా?"

టోపీ ఫోనందుకుని ఆ వీడియో పెట్టాడు. నాన్న కాలు నేల మీద కొట్టడం, అందరి నవ్వులు. బాబాయి మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూశాడు. తర్వాత ఆ కుర్రాడి ముక్కు మీంచి ఫ్రేము తీసి, అందులోని అద్దాల్ని ఒక్కొక్కటే పెట్టెలో వాటి గాడిలో పెట్టాడు. పెట్టె మూసి, "షాపు కట్టేస్తున్నాం" అన్నాడు. ఇంకా ఎండ నడినెత్తినే ఉంది.

వాళ్ళు వెళ్ళాక నా కళ్ళజోడు తీసుకుని స్క్రూ బిగించి ఇచ్చాడు. "నీకు తెలుసా ఇది?" అని అడిగాడు.

"లైటు పట్టుకుంది నేనే బాబాయ్."

తల ఊపాడు. షట్టరు కిందికి లాగి లోపలికెళ్ళిపోయాడు.

సాయంత్రం మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చాడు. అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అన్నయ్యా, వాళ్ళని పిలిచి, అది సరదాకి అన్నానని చెప్పు."

"సరదాకే అన్నాను. సరదాకన్నానని మళ్ళీ చెప్పడమేంటి, టముకు వేసుకుంటూ?"

"జనం అలా అనుకోవట్లేదు."

"నిన్న మొన్నటిదాకా ఈగలు తోలుకునేవాడివి. ఇప్పుడు రోడ్డు దాకా జనం. కూర్చున్నచోటికి పేరొస్తే దానికీ ఏడుపేనా?"

"అది నా పేరు కాదు."

ఇంకేదో అనబోయాడు. ఈలోగా పిన్ని పైకొచ్చింది. పిన్ని నోరు తెరిస్తే దాపరికం ఉండదు. "బావగారూ, మీకు విలన్ కావాలంటే ఇంట్లో అద్దం ఉంది కదా. కిందిదాకా దిగడమెందుకు?"

"మీ ఆవిడకి చెప్పుకో" అన్నాడు నాన్న, బాబాయి వైపు చూసి.

"ఆయన ఎవరికీ ఏమీ చెప్పుకోలేకే మీ ఆటలు సాగుతున్నాయి" అంది పిన్ని. బాబాయి ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు.

మర్నాడు డాబా మీద బట్టలారేయడానికి వెళ్తే తీగ సగానికి తెగి ఉంది. తన సగాన్ని పిన్ని అటు గోడకి కట్టుకుంది. మా సగం నేల మీద పడుంది. అమ్మ తలకి సబ్బు పెట్టుకుంటే మోటారు ఆగిపోయేది. మేం తుడిచిన మెట్ల మీద కావాలని తడికాళ్ళు పడేవి. నేను కూడా ఊరుకోలేదు. వాళ్ళ చెప్పుల స్టాండుని తోయాల్సినంత దూరం తోశాను. ఒకరి జడ ఒకరు వేసుకున్న తోడికోడళ్ళు మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి నడిచేవాళ్ళు. అమ్మకి తప్పు ఎవరిదో తెలుసు. కానీ తెగిన తీగ చూసి ఎవరికి కోపం రాదు? పైన మొగుడితో మాటల్లేవు, కింద తోడికోడలితో మాటల్లేవు. వంటింట్లో గిన్నెలతో మాట్లాడుకునేది.

షాపు ముందు జనం తగ్గలేదు. కళ్ళు బాగున్నవాళ్ళే ఎక్కువ వచ్చేవాళ్ళు. బాబాయి ఆ మాట అనడం మానేశాడు. అద్దం మార్చి ఒక వేలు చూపేవాడు. ఇంకో అద్దం వేసి రెండు వేళ్ళు చూపేవాడు. ఏది బాగుందో నువ్వే చెప్పు అన్నట్టు. దాంతో వాళ్ళు ఇంకా రెచ్చిపోయారు. "మసక అలిగాడు" అని అదో వీడియో పెట్టారు.

ఒకరోజు నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఒకావిడ చిన్నపిల్లని తీసుకుని షాపుకొచ్చింది. బళ్ళో బోర్డు కనపడట్లేదట. పిల్ల గుమ్మం పట్టుకుని లోపలికి రాదు. "వాడు కళ్ళు తీసేస్తాడు" అని ఒకటే ఏడుపు. బాబాయి ఒక ఉపాయం ఆలోచించాడు. తన కళ్ళజోడు తీసేసి, మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని పిల్ల చేతికిచ్చాడు. "ఇదిగో, నాది నీ దగ్గరే ఉంచుకో. అది లేకపోతే నాకేం కనపడదు. నిన్నేం చేస్తాను?"

పిల్ల దాన్ని రోడ్డు మీదకి విసిరేసింది. అప్పుడే అటుగా వచ్చిన ఆటో దాని మీంచి పోయింది.

తల్లి సిగ్గుతో చచ్చిపోయింది. ఏమనుకోకండంటూ పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. బాబాయి ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. ముక్కలెక్కడున్నాయో కనపడక చేత్తో నేల తడుముతున్నాడు. నేను ఏరి ఇచ్చాను. ఆ మధ్యాహ్నం కౌంటర్లో "కనపడుతోందా ఇప్పుడు" అన్నవాడికి హౌస్‌ఫుల్ అని చెప్పి కిటికీ మూసేశాను. లోపల సగం సీట్లు ఖాళీ. మేనేజరు చీవాట్లు పెట్టాడు.

ఏటా పిల్లలకి కళ్ళ పరీక్ష పెట్టించే బడివాళ్ళు ఆ ఏడు వద్దన్నారు. షట్టరు మీద ఎవరో నల్లరంగుతో 'మసక నిలయం' అని రాసి పోయారు. పిన్ని కిరసనాయిలు గుడ్డతో తోమితే అక్షరాలు పోయాయి గానీ నల్లమరక షట్టరంతా పాకింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మ్యాట్నీ వేళ కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. అద్దాలు అరగదీసి అరగదీసి బొటనవేలి చివర నున్నగా అరిగిపోయిన చెయ్యి. మొహం చూడక్కర్లేదు.

"ఒకటివ్వమ్మా."

"బాబాయ్, నీకెందుకిది?"

"ఊరంతా చూసింది. నేనే చూడలేదు."

"వెనక సీటిస్తాను. ఎవరూ గుర్తుపట్టరు."

"ముందుదే ఇవ్వు. కొత్త అద్దాలింకా అలవాటు కాలేదు, వెనకనుంచి ఆనదు."

సినిమా వదిలేసరికి కౌంటర్ మూసి బయటికెళ్ళాను. పోస్టర్ ముందు నిలబడి ఉన్నాడు. అందులో మసక చెయ్యెత్తి ఉంటాడు. నాకెందుకో ఆయన్ని అక్కణ్ణుంచి లాక్కెళ్ళిపోవాలనిపించింది.

"ఎలా ఉంది?" అన్నాను. అడిగాక నాలిక కరుచుకున్నాను. ఊరంతా అడిగే ప్రశ్నే నేనూ అడిగాను.

"నేను కళ్ళజోడు చొక్కాతో తుడవను" అన్నాడు. "ఎప్పుడూ తుడవలేదు. గీతలు పడతాయి."

అంతే. రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. సినిమా మీద కోపం ఈ చిన్న విషయానికి మళ్ళించుకున్నాడేమో అనుకున్నాను.

వేసవి చివర్లో మా మేనేజరుకి ఒక ఆలోచన వచ్చింది. జనం పలచబడుతున్నారు కాబట్టి ఒక ఆదివారం పొద్దున అభిమానుల సభ పెడదామన్నాడు. తెర ముందు నాన్న కుర్చీలో కూర్చుంటాడు. ఒక్కొక్కరే మైకు తీసుకుని తమకి నచ్చిందేంటో చెప్తారు. మైకు పట్టుకుని వరసల మధ్య తిరిగే పని నాకు పడింది. ఈ పని తప్పించమని అడిగాను. "మీ నాన్న సభకి నువ్వు కాక ఎవరు తిరుగుతారు?" అన్నాడు.

హాలు నిండింది. నాన్న కొత్త చొక్కాలో, కాళ్ళు చాపుకోవాలో ముడుచుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. ఒకడు లేచి తనకి ఈదురుగాలి మొదటిసారి ఎగరలేక చెత్తకుప్పలో పడటం నచ్చిందన్నాడు. ఇంకొకడికి అద్దాలు నేలమీద పడి పగిలే చప్పుడట, ఆ చప్పుడు కోసమే మళ్ళీ మళ్ళీ చూశాడట. ఒక నర్సు లేచి, హీరో వాళ్ళమ్మ కొడుకు సంగతి తెలిసి కూడా తెలియనట్టు కిటికీ గడియ తీసిపెట్టి పడుకోవడం తనకి నచ్చిందంది. "మా వాడు ఇల్లొదిలి పోయిన దగ్గర్నుంచి నేనూ గడియ వేయట్లేదు" అని కూర్చుంది. ఆవిడ మీద మాత్రం నాకు కోపం రాలేదు.

టోపీ లేచాడు. "నాకు మసక చెయ్యెత్తడం సార్. ఆ చెయ్యి లేస్తే హాల్లో ఊపిరాడదు. అలాంటిది మీరెలా ఊహించారు సార్?"

"ఊహించాలంతే" అన్నాడు నాన్న. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు చివరి వరసలో బాబాయి చెయ్యెత్తాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో నేను చూడలేదు. ముందు ఒకడు చూశాడు, తర్వాత హాలంతా వెనక్కి తిరిగింది. "మసక, మసక" అని గోల. ఫోన్లన్నీ లేచాయి. నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనపడనంత చిన్నగా. మేనేజరు కూడా నాన్న మొహం చూసి, "సమయం అయిపోయిందమ్మా" అన్నాడు.

నేను చివరి వరస దాకా నడిచి మైకు బాబాయికిచ్చాను.

మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. అది కీచుమంది. కాస్త దూరం జరిపాడు. "నాకు నచ్చింది చెప్పాలి కదా" అన్నాడు. "నాకూ ఆ చెయ్యే నచ్చింది."

అందరూ నవ్వారు. వాళ్ళు ఆపేదాకా ఆగాడు.

"కొట్టేముందు మసక వేళ్ళు దగ్గరికి చేర్చుకుంటాడు, చలేసినవాడిలా. అది సినిమావాళ్ళు కల్పించింది కాదు. అన్నయ్య బొమ్మల్లో ముందునుంచీ ఉంది. మా నాన్న అలా చేసేవాడు. అన్నయ్య చేతిలో అద్దం పగిలితే, మా నాన్న కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని, చెంప మీద ఒకటి వేసి, కనపడుతోందా ఇప్పుడు అని అడిగేవాడు. కనపడుతోంది అని అన్నయ్య అనేదాకా అడిగేవాడు. నేను పక్కన స్టూలు మీద ఉండేవాణ్ణి. నన్నెప్పుడూ కొట్టలేదు. అన్నయ్య జరిగింది జరిగినట్టు గీశాడు. మొహం ఒక్కటే మార్చాడు."

బాబాయి మైకు చెయ్యి మార్చుకున్నాడు.

"షాపు నా చేతికొచ్చాక నేను ఆ మాట మానలేదు. కొట్టకుండా కూడా ఆ మాట అడగొచ్చు కదా అని. ఇన్నేళ్ళూ అలాగే అడిగాను." నాన్న కుర్చీ వైపు తిరిగి, "బాగా గీశావన్నయ్యా" అన్నాడు. మైకు నా చేతికిచ్చి బయటికెళ్ళిపోయాడు.

టోపీ లేచి చప్పట్లు మొదలుపెట్టాడు. వెంటనే హాలంతా అందుకుంది. నా పక్క వరసలో ఒకడు స్నేహితుడితో, "రెండో భాగంలో ఇది పెడితే దుమ్ము లేచిపోద్దిరా" అన్నాడు. అప్పటిదాకా నాకు వాళ్ళ మీద ఉన్నది కోపం. ఆ మాటతో కోపం పోయి రోత మిగిలింది. ముందుకి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. నాన్న తెర పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళేసరికి నాన్న నాకోసమే కాచుకుని ఉన్నాడు. "వద్దని చెప్పానా లేదా?"

"అడిగినవాళ్ళందరికీ ఇచ్చాను. ఆయన కూడా అడిగాడు."

"నలుగురిలో నన్ను చెంపదెబ్బలు తిన్నవాణ్ణి చేశాడు. వాడు చెప్పిందంతా అబద్ధం."

"ఏది అబద్ధం?" అంది అమ్మ.

నాన్న కొత్త చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "పెళ్ళైన కొత్తలో మిమ్మల్ని నిద్రలేపుదామని చెంప మీద చెయ్యేస్తే మంచం మీంచి అంతెత్తున ఎగిరిపడ్డారు. అప్పట్నుంచి కాలు తట్టి లేపుతున్నాను. ఎందుకని ఇన్నేళ్ళలో అడగలేదు."

"అడగలేదు కదా. ఇప్పుడూ అడక్కు."

"అది అడగను. దెబ్బలు కొట్టినవాడు గోడ మీద ఫొటోలో ఉన్నాడు. కొట్టనివాడి మొహం ఎందుకు పెట్టారు? అది అడుగుతున్నాను."

నాన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఆయన మొహం గీద్దామంటే నాకు చెయ్యి వచ్చేది కాదు" అన్నాడు. తర్వాత గొంతు పెరిగింది. "వాడు చూస్తూ కూర్చునేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఒక్కసారి, ఒక్కసారి కూడా ఆపు నాన్నా అన్లేదు. కళ్ళప్పగించి చూస్తుండేవాడు. కొట్టినవాణ్ణి మర్చిపోవచ్చేమో గానీ చూసినవాణ్ణి మర్చిపోలేం."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన మీద జాలి పడిందో, అసహ్యపడిందో నాకు తెలియలేదు. నాకైతే రెండూ కలిగాయి. ఆ రోజు నుంచి నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాలన్నా అమ్మతో చెప్పి నన్ను అడిగించేవాడు.

రెండో వారంలో తెలిసింది, బాబాయి వాళ్ళు ఊరవతల అద్దెకి షాపు చూసుకున్నారని. పిన్ని మెట్ల దగ్గర నిలబడి, పైకి వినపడేలా చెప్పింది. "మా కోసం వచ్చేవాళ్ళని ఇక పైకి పంపిస్తాం. అసలు మసక అక్కడే ఉంటాడని చెప్తాం."

లారీ వచ్చిన రోజు నాకు సెలవు. నేనూ అమ్మా కిందికి దిగాం. పిన్ని మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. కానీ అమ్మ గాజుసామాను పెట్టె ఎత్తుకుంటే వద్దనలేదు. బీరువాలు, కుర్చీ, అక్షరాల అట్ట, అన్నీ ఎక్కేశాయి. మిగిలింది తాతయ్య నాటి, అద్దాలు అరగదీసే బల్ల. రాతిచక్రంతో ఇంత బరువు. ఇద్దరు కూలీలు ఎటు తిప్పినా గుమ్మంలో ఇరుక్కుంటోంది. "దీన్ని కోయాల్సిందే" అన్నాడు ఒకడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నాన్న వచ్చి గుమ్మంలో ఆగాడు. తాతయ్య పోయాక ఆయన షాపులోకి రావడం అదే మొదటిసారి.

"దాని కుడికాలు విప్పొచ్చు" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "లోపలి వైపు చీల ఉంటుంది."

"ఆయన చెయ్యి వేయక్కర్లేదు" అంది పిన్ని.

"వేయనీ" అన్నాడు బాబాయి.

నాన్న బల్ల కిందికి దూరి చీల తీశాడు. కాలు ఊడి వచ్చింది. ఒకవైపు ఆయన పట్టుకున్నాడు, ఇంకోవైపు బాబాయి.

"ఎడమకి."

"నీ ఎడమా, నాదా?"

"నాది. మెల్లిగా. గడప ఉంది."

"తెలుసు."

"వదలకు."

"నువ్వు వదిలితే పడేది నా కాలి మీదే. నేనెందుకు వదులుతాను?"

వాళ్ళిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. లారీ ఎక్కించాక బాబాయి ఒగరుస్తూ, "కొత్త షాపులో ఇది పట్టదేమో" అన్నాడు. "పట్టకపోతే పారేయ్" అన్నాడు నాన్న. "చూద్దాం" అన్నాడు బాబాయి. అంతకుమించి ఏమీ లేదు. చేతులు కలపలేదు, వెళ్ళొస్తానని అనలేదు. పిన్ని ముందు సీట్లో కూర్చుని తలుపు గట్టిగా వేసుకుంది.

ఆ రోజుతో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. అమ్మ కొన్నాళ్ళకి పిన్ని దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది, నాన్న ఎప్పుడూ వెళ్ళలేదు. రెండో భాగానికి మసకని మళ్ళీ బతికించమని సినిమావాళ్ళు అడిగితే, అది నా వల్ల కాదు, ఇంకెవరి చేతైనా గీయించుకోండన్నాడు. వాళ్ళు గీయించుకున్నారు. అదీ బాగానే ఆడుతుందంటున్నారు. నేను ఆ థియేటర్లో మానేసి వేరేచోట చేరాను.

ఆ రోజు లారీ మలుపు తిరిగాక నేను చీపురు తీసుకుని షాపులోకి వెళ్ళాను. నాన్న ఇంకా అక్కడే ఉన్నాడు. బల్ల తీసినచోట నేల మీద నల్లటి గచ్చు మధ్య దాని కాళ్ళ గుర్తులు తెల్లగా ఉన్నాయి.

"ఇలా రా" అన్నాడు. సభ తర్వాత నాతో అన్న మొదటి మాట. బల్ల గుర్తు పక్కన, ఒక్క బెత్తెడు దూరంలో కాలు పెట్టి చూపించాడు. "స్టూలు ఇక్కడుండేది. వాడు కింద కూర్చుంటే పైకి ఏమీ కనపడదని ఆయనే ఎక్కించి కూర్చోబెట్టేవాడు. చూసి నేర్చుకోమని."

"బాబాయి అప్పటికి ఎంతుండేవాడు?" అన్నాను.

"ఇంత" అని అరచెయ్యి నడుము దగ్గర పెట్టాడు. పెట్టి, దానివైపే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఆ చెయ్యి కాస్త కిందికి దిగింది. మళ్ళీ ఇంకాస్త. మోకాలి పక్కకొచ్చి ఆగింది.